సెమిస్టర్ సెలవుల్లో గ్రీసు తాబేళ్ల కాపలాకు

జర్మనీలో చదువుతున్న మన విద్యార్థులకు ఒక వెసులుబాటు ఉంది. వేసవి సెమిస్టర్ పాఠాలు జూలై మధ్యలో ముగిస్తే, చాలా విశ్వవిద్యాలయాల్లో మళ్లీ తరగతులు అక్టోబరులోనే. గ్రీసు తీరంలో లాగర్‌హెడ్ అనే సముద్ర తాబేళ్ల పిల్లలు ఇసుకలోంచి బయటపడేది కూడా ఆ రోజుల్లోనే. చేతిలో జర్మనీ నివాస అనుమతి కార్డు, పాస్‌పోర్టు ఉంటే గ్రీసుకు వేరే వీసా అక్కర్లేదు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా ఉండవచ్చు. ఇది వదిలేసి, ఏజెంటుకు డబ్బు పోసి తాబేళ్ల వాలంటీరు పనికి మధ్య అమెరికాలోని కోస్టారికా వెళ్దామని అడుగుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను. కోస్టారికాలోని టోర్టుగేరోలో 1950ల నుంచీ తాబేళ్ల పరిశోధన సాగుతోంది, అది గొప్ప చోటే. కానీ విద్యార్థి జేబుకు అట్లాంటిక్ చాలా వెడల్పు.

ముందు ఎక్కడికి వెళ్లకూడదో చెబుతాను. ప్రకటనలో తాబేలు పిల్లను అరచేతిలో పెట్టుకుని నవ్వుతున్న ఫోటో ఉంటే ఆ పేజీ మూసేయండి. పర్యాటకులకు చూపించడానికి పిల్లలను రోజుల తరబడి తొట్టెల్లో ఉంచే కేంద్రాలు చాలా దేశాల్లో ఉన్నాయి. పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొన, తీరానికి దూరంగా ఆగకుండా ఈదడానికి దానికున్న సద్దిమూట. ఆ బలమంతా తొట్టె గోడలకేసి కొట్టుకోవడానికే ఖర్చయితే, సముద్రంలో వదిలిన రోజున ఈదే సత్తువ ఉండదు. ఫోటో మాత్రం బాగా వస్తుంది.

గ్రీసులో 1983 నుంచి పనిచేస్తున్న తాబేళ్ల రక్షణ సంస్థ ఆర్కెలాన్. పద్దెనిమిదేళ్లు నిండినవారిని వాలంటీర్లుగా తీసుకుంటుంది. నేరుగా వాళ్లకే దరఖాస్తు చేసుకోండి, మధ్యవర్తి అవసరం లేదు. రుసుము ఉంటుంది, గుడారం మీదే, దారి ఖర్చులు మీవే. కొన్ని వారాలు నిలకడగా ఉండేవారినే కోరుకుంటారు. నాలుగు రోజులకు వచ్చేవాళ్లకు పని నేర్పేసరికే వాళ్లు మూట కట్టుకునే వేళవుతుంది.

చోటును మీ స్వభావాన్ని బట్టి ఎంచుకోండి. జాకింథోస్ ద్వీపంలోని లగానాస్ అఖాతంలో 1999 నుంచి జాతీయ సముద్ర ఉద్యానవనం ఉంది. కొన్ని భాగాల్లోకి పడవలే రాకూడదు, మిగతా చోట్ల పడవ వేగం ఆరు నాట్లు (గంటకు సుమారు 11 కిలోమీటర్లు) దాటకూడదు. అయితే అదే అఖాతం ఒడ్డున హోటళ్లు, బార్లు, వేల మంది సెలవులవాళ్లు. అక్కడ తాబేళ్ల కంటే మనుషులతో మాట్లాడటమే ఎక్కువ: గొడుగు కర్ర ఇసుకలో ఎందుకు గుచ్చకూడదో రోజంతా నవ్వుతూ చెప్పగలగాలి. కొత్తవాళ్లతో మాట కలపడం ఇబ్బందైతే పెలోపొనీస్ ద్వీపకల్పం పడమటి తీరంలోని కిపరిస్సియా అఖాతం అడగండి. పొడవాటి తీరం, నడక ఎక్కువ, జనం తక్కువ. ఏథెన్స్‌లోని కిఫిసోస్ బస్టాండు నుంచి కిపరిస్సియాకు బస్సులున్నాయి. జాకింథోస్‌కైతే కిల్లీని రేవు దాకా వెళ్లి ఫెర్రీ ఎక్కాలి.

దరఖాస్తులో “చిన్నప్పటి నుంచి నాకు తాబేళ్లంటే ప్రాణం” అని రాయకండి. అందరూ అదే రాస్తారు. మీకు వచ్చిన పనులు రాయండి: ఎండలో గంటల కొద్దీ నడవగలరా, పదిహేను మందికి వంట చేయగలరా, జర్మన్ భాషలో పర్యాటకులకు విషయం వివరించగలరా. గ్రీసుకు వచ్చే సెలవులవాళ్లలో జర్మన్లు చాలామంది. మీ బీ1 (మధ్యస్థాయి జర్మన్) సర్టిఫికెట్ చివరికి ఇక్కడైనా పనికొస్తుంది.

పని తెల్లవారుజామున మొదలవుతుంది. ఎండెక్కక ముందే తీరం నడిచి, రాత్రి పడిన జాడలు వెతకాలి. తాబేలు ఒడ్డెక్కినంత మాత్రాన గుడ్లు పెట్టినట్టు కాదు, చాలాసార్లు ఊరికే వెనుదిరుగుతుంది. జాడ చివర ఇసుక చెదిరి ఉంటే మోకాళ్ల మీద కూర్చుని చేతులతోనే తవ్వాలి. పార వాడరు. గట్టి ఇసుక మధ్య ఒకచోట వేళ్లు మెత్తగా దిగుతాయి. అక్కడి నుంచి గోళ్లు తగలకుండా, వేళ్ల మెత్తని భాగంతో గుప్పెడు గుప్పెడుగా తీస్తే తెల్లటి గుండ్రని పైగుడ్డు కనిపిస్తుంది. అంతే, ఆపేసి మళ్లీ కప్పాలి. ఒక్కో గూటిలో వంద దాకా, ఒక్కోసారి అంతకు మించి ఉంటాయి. నక్కలు, కుక్కలు తవ్వకుండా పైన జాలీ అమరుస్తారు. ఆ ఉదయం చేతులకు దోమల మందు, సన్‌స్క్రీన్ పూసుకోకండి.

అలలు అందుకునే చోట గూడు ఉంటే పైకి మార్చాలి. అది పెట్టిన కొద్ది గంటల్లోనే జరగాలి, గుడ్డు పైభాగం పైకే ఉండాలి. పిండం పెంకు లోపలి పైభాగానికి అంటుకున్నాక గుడ్డు తిరగబడితే చచ్చిపోతుంది. అందుకే శిక్షణ పొందినవాళ్లే ఆ పని చేస్తారు. మీరు పక్కన లెక్క రాసుకుంటారు, ఆ లెక్కకూ విలువుంది.

ఆగస్టుకు పని మారుతుంది. రెండు నెలల లోపే పిల్లలు బయటపడి, చీకట్లో వెలుగున్న వైపుకు పరుగెడతాయి. సహజంగా అది సముద్రం మీది ఆకాశం, ఇప్పుడు హోటలు దీపం. దీపాల వైపు అడ్డుతెరలు కట్టడం, రాత్రి కాపలా కాయడం మీ వంతు. సెప్టెంబరులో గూళ్లు తవ్వి పగిలిన పెంకులు, చనిపోయిన పిండాలు లెక్కబెడతారు. కంపు భరించలేనివాళ్లు జూలై ఆఖరులో రండి. అప్పుడైతే గుడ్లు పెట్టే తల్లులూ, బయటపడే పిల్లలూ రెండూ కనిపించే అవకాశం ఉంది. సెప్టెంబరులో రెండో విడత పరీక్ష ఉందేమో చూసుకున్నాకే తేదీలు ఖాయం చేయండి.

సామాన్లలో ఎర్ర కాంతి ఇచ్చే తలదీపం, ముదురు రంగు బట్టలు, పరుపు చాప, పెద్ద నీళ్ల సీసా. జర్మనీ ప్రభుత్వ బీమా కార్డు వెనుకవైపే యూరప్ ఆరోగ్య కార్డు ఉంటుంది, పడేయకండి. అది స్వదేశానికి తరలించే ఖర్చు ఇవ్వదు కనుక ప్రయాణ బీమా విడిగా తీసుకోండి. తిండికి బెంగ వద్దు. గ్రీకులు ఫావా అనే పసుపు పప్పు వండుకుంటారు, ఇంగువ పోపు పెట్టారంటే క్యాంపంతా మీ చుట్టూ చేరుతుంది.

ఇండియా నుంచి వచ్చేవారికి షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చేది) కావాలి: రుసుము 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, ఆఖరి గడువు 15 రోజుల ముందు. సంస్థ ఇచ్చిన అంగీకార పత్రం జతచేసి, వెళ్లే పని ఉన్నదున్నట్టు రాయండి. అంత ఖర్చు కుదరనివాళ్లకు చెన్నై ఉంది. అక్కడ విద్యార్థుల బృందం 1988 నుంచి ఏటా సంవత్సరం మొదటి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ల గూళ్ల కోసం రాత్రంతా తీరం నడుస్తోంది. సంక్రాంతి సెలవుల్లో విజయవాడలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరతారు.