ఎయిర్ రైఫిల్‌లో ఇరుక్కున్న పిన్ను తీసే ముందు జాగ్రత్తలు

ఇవి 4.5 మిల్లీమీటర్ల స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు మాత్రమే. మందుగుండు తుపాకీ అయితే లైసెన్సున్న ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) దగ్గరికే తీసుకెళ్లండి.

☐ పెల్లెట్ డబ్బా వేరే గదిలో పెట్టండి. బ్యారెల్ ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూడండి. నిన్న చూశాం కదా అని వదిలేయొద్దు.

☐ రైఫిల్ కాక్ చేసి (బ్యారెల్ మడిచి స్ప్రింగ్ నొక్కి, పేల్చడానికి సిద్ధంగా) ఉండకూడదు. బ్యారెల్ మడిచి ఉన్నప్పుడు ట్రిగ్గర్ జారితే అది ఒక్కసారిగా పైకి లేస్తుంది, మధ్యలో ఉన్న వేళ్లు నలిగిపోతాయి.

☐ ఆ పిన్ను దేన్ని పట్టి ఉంచిందో ముందే తెలుసుకోండి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కాక్ చేయకపోయినా లోపలి మెయిన్ స్ప్రింగ్ కొంత నొక్కుకునే ఉంటుంది. ట్రిగ్గర్ బ్లాక్‌ను (ట్రిగ్గర్ భాగాలుండే దిమ్మె) ఆపేది ఆ పిన్నే అయితే, స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ను నొక్కి పట్టుకునే పరికరం) బిగించకుండా ముట్టుకోవద్దు. కంప్రెసర్ లేకపోతే పని అక్కడే ఆపేయండి. బ్లాక్ ఎగిరి ముఖానికి తగిలే ప్రమాదం ఉంది.

☐ కళ్లను కాపాడే రక్షణ అద్దాలు తప్పనిసరి.

☐ పిన్ను చుట్టూ తుప్పు వదిలించే నూనె ఒక్క చుక్క వేసి, రాత్రంతా వదిలేయండి. అది కంప్రెషన్ సిలిండర్‌లోకి (గాలి నొక్కుకునే గొట్టం) పోకూడదు. పోతే పేల్చినప్పుడు నూనె మండి సీల్ పాడవుతుంది.

☐ పిన్ను కంటే కాస్త సన్నని, పొడవునా ఒకే మందంతో ఉండే పంచ్ (పిన్నును కొట్టి బయటికి నెట్టే ఇనుప కడ్డీ) తీసుకోండి. మేకు వాడితే పిన్ను తల చితికి ఇంకా బిగుసుకుంటుంది.

☐ పిన్ను బయటికి రావడానికి చోటు వదిలి, రంధ్రం పక్కన కింద చెక్క ఆనించి, చిన్న సుత్తితో మెల్లగా కొట్టండి. కదలకపోతే రెండోవైపు నుంచి చూడండి.

☐ ముందే ఫోటో తీసుకోండి, కింద తెల్లగుడ్డ పరవండి.