రెండోసారి తెరవకండి: ఆఫీసులో డేటా బయటికి పోతుంటే చూసినవాళ్లకు

పోయిన నెల మా పాత సెక్షన్‌లో చేసిన ఔట్‌సోర్సింగ్ కుర్రాడు నాంపల్లి స్టేషన్ ముందు చాయ్ బండి దగ్గర కనిపించాడు. మెడలో ఐడీ కార్డు లేదు. లబ్ధిదారుల జాబితా ఆధార్ నంబర్లతో సహా ఒక ఏజెన్సీ మనిషి సొంత జీమెయిల్‌కి పోతోందని పట్టుకుంది ఇతనే. వారం తిరక్కుండా ఇంటికి పోయిందీ ఇతనే. ఏజెన్సీ మాత్రం అక్కడే ఉంది.

"అన్నా, నేనేం తప్పు చేసిన? ఆధారం గట్టిగుండాలని ఇంకో నాలుగు ఫైళ్లు తెరిచి చూసిన, అంతే" అన్నాడు.

ఆ నాలుగు ఫైళ్లే ముంచాయి. దరఖాస్తుల ఎంట్రీ జోరుగా సాగే రోజుల్లో ఇలాంటివి ఇంకా జరుగుతాయి. 2024 జనవరిలో బాలానగర్ ఫ్లైఓవర్ మీద, ప్రభుత్వ పథకాల కోసం జనం ఇచ్చిన ప్రజాపాలన దరఖాస్తులు బైకు మీంచి జారి రోడ్డంతా పరుచుకున్నాయి, గుర్తుందిగా? అది కాగితం కాబట్టి ఊరంతా చూసింది. పెన్‌డ్రైవ్‌లో పోయేది మీలాంటి ఏ ఒక్కరి కంట్లోనో మాత్రమే పడుతుంది. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దు లాంటివి మీకు నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఒక్కటే: రెండోసారి తెరవకండి.

మొదటిసారి కంటపడింది డ్యూటీలో కంటపడింది. అది మీ పని, దానికి మీ దగ్గర జవాబు ఉంటుంది. సాయంత్రం అందరూ వెళ్లాక ఏడింటికి అదే ఫోల్డర్‌లోకి మళ్లీ దూరితే, సర్వర్ లాగ్‌లో మీ యూజర్ ఐడీ, టైముతో సహా పడుతుంది. విచారణ ఆఫీసర్ ముందుగా తెప్పించుకునేది ఆ లాగే. అనుమతి లేకుండా డేటా కాపీ చేస్తే ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు ఉన్నాయి: మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. ఉప్పందించినవాడు కాస్తా దొంగ అవుతాడు. అసలు దొంగ సాక్షిగా వచ్చి కూర్చుంటాడు!

అమెరికాలో 2017లో రియాలిటీ విన్నర్ అనే కాంట్రాక్టు ఉద్యోగిని ఒక రహస్య పత్రాన్ని పత్రికకు పంపింది. దాన్ని ప్రింట్ తీసింది ఆరుగురేనని ఆఫీసు లెక్క తేల్చింది. ఆ ఆరుగురిలో ఆఫీసు కంప్యూటర్ నుంచి ఆ పత్రికకు మెయిల్ పెట్టింది ఈమె ఒక్కతే. ఐదేళ్ల మూడు నెలల శిక్ష పడింది.

మరి ఆధారం లేకుండా ఎవరు నమ్ముతారంటారా? ఆధారం మీ జేబులో ఉండక్కర్లేదు, ఎక్కడుందో చెబితే చాలు. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ స్క్రీన్, ఆ సమయంలో మీరు చేస్తున్న పని ఏమిటి, ఇవన్నీ ఇంటికెళ్లి పెన్నుతో రాసిపెట్టుకోండి. మీరు ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటో కోర్టులో నిలబడాలన్నా సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి అంకె) సర్టిఫికెట్ కావాలి. ఆ కాస్త ఫొటో కోసం మళ్లీ తెరవకండి.

చట్టం కాపాడుతుందని ధీమాగా ఉండకండి. ప్రజావేగుల (తప్పును బయటపెట్టేవాళ్ల) రక్షణ చట్టానికి 2014 మే 9న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది, అమలు మాత్రం మొదలే కాలేదు. 2023 డేటా రక్షణ చట్టంలో 250 కోట్ల దాకా జరిమానా ఉంది గానీ, బయటపెట్టినవాడి రక్షణ ఊసే లేదు. ఉన్నదల్లా 2004 నాటి పీఐడీపీఐ తీర్మానం, అంటే ఫిర్యాదు చేసినవాడి పేరు దాచే కేంద్ర ప్రభుత్వ ఏర్పాటు. రోడ్డు పనుల్లో అవినీతి గురించి ప్రధాని కార్యాలయానికి రాసి, తన పేరు దాచమని వేడుకున్న ఇంజనీరు సత్యేంద్ర దూబే 2003 నవంబర్‌లో గయలో హత్యకు గురయ్యాక వచ్చింది అది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, కేంద్ర సంస్థల మీద ఫిర్యాదుకే పనికొస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులున్న కవాడిగూడ సీజీఓ టవర్స్‌లో వాళ్లకు సరే, సచివాలయంలో వాళ్లకు కాదు. రాష్ట్రం వాళ్లకు బషీర్‌బాగ్‌లో లోకాయుక్త ఉంది, అక్కడ అఫిడవిట్ మీద మీ పేరు ఉంటుంది. ముందు లాయర్‌ని కలవండి.

పీఐడీపీఐకి రాసేవాళ్లు సీల్ వేసిన కవరు మీద "కంప్లెయింట్ అండర్ ద పబ్లిక్ ఇంటరెస్ట్ డిస్‌క్లోజర్" అని రాసి సీవీసీ (కేంద్ర విజిలెన్స్ కమిషన్) కార్యదర్శికి పోస్టు చేయాలి. పేరు, చిరునామా లోపలి కాగితంలోనే, కవరు మీద కాదు. పేరు లేని ఉత్తరాన్ని తీసుకోరు. రసీదు రాదు, అందిందా అని ఫోన్ చేయకండి.

ఇంకొన్ని, తోచిన వరుసలో.

ఆఫీసు వైఫై మీద వీటి గురించి వెతకొద్దు.

ఆఫీసు ప్రింటర్ ముట్టుకోవద్దు. చాలా కలర్ ప్రింటర్లు కంటికి ఆనని పసుపు చుక్కల్లో మెషిన్ నంబరు, టైము ముద్రిస్తాయి.

బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో "ఇక్కడ ఏదో జరుగుతోంది" అని అనొద్దు. "నీకొక్కడికే చెబుతున్నా" అని అసలే వద్దు.

ఏదీ డిలీట్ చేయొద్దు. ఫోన్ ట్యాపింగ్ వ్యవహారంలో ధ్వంసమైన హార్డ్ డిస్కుల చుట్టూ ఎంత కేసు నడిచిందో ఈ ఊళ్లో అందరికీ తెలుసు.

జనం ఆధార్ నంబర్లున్న జాబితాను విలేకరికి సైతం ఇవ్వొద్దు. అది వాళ్ల సొత్తు.

మెమో వస్తే అక్కడికక్కడ జవాబు రాయొద్దు, గడువు అడగండి.

"సార్ పిలుస్తున్నారు, ఫోన్ ఇచ్చి లోపలికి రా" అంటే రాతపూర్వకంగా అడగండి.

రెండోసారి తెరవొద్దు.

తీసేశాక లాగిన్ ఇంకా పనిచేస్తోందో లేదో ఇంటి నుంచి కొట్టి చూడొద్దు. నవ్వకండి, మా కుర్రాడు చూశాడు.