భువనగిరి నుంచి లక్నవరం దాకా: మూడు రోజుల ప్రయాణ ప్రణాళిక

ఒకే రోజున ఒళ్లు అలిసే మజిలీలు రెండు పెట్టుకోకూడదు. హైదరాబాద్‌లో తెల్లవారుజామునే బయలుదేరి, సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని భువనగిరి ఏకశిలా కోటను బండ వేడెక్కకముందే ఎక్కి దిగి, సాయంత్రానికి హనుమకొండ చేరి, వేయిస్తంభాల గుడిని మాత్రమే చూసి విశ్రమించాలి. రెండో రోజంతా పాలంపేటకే కేటాయించండి. 1213 నాటి శాసనం ఉన్న, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన అక్కడి రామప్ప గుడిని గంటలో ముగించడం నా దృష్టిలో అన్యాయమే. చూరు కింది నల్లరాతి మదనికల్లో, అంటే నాట్యభంగిమల్లోని స్త్రీ శిల్పాల్లో, ఒకామె కాలికున్న ఎత్తుమడమల పాదరక్షను నిదానంగా చూడాలి. చెప్పులు విడిచి నడవాలి కనుక ఎండాకాలంలో మేజోళ్లు వెంట ఉంచుకోవడం మేలు. మూడో రోజు ఉదయం లక్నవరం చెరువులో వేలాడే వంతెన దాటి, పడవ ఎక్కి, మధ్యాహ్న భోజనం కాగానే తిరుగుముఖం పడితే రాత్రి బాగా పొద్దుపోకముందే ఇల్లు చేరవచ్చు.