లాల్ బహదూర్ స్టేడియాన్ని చూడదలచినవారికి

హైదరాబాద్ బషీర్‌బాగ్‌లోని లాల్ బహదూర్ స్టేడియానికి వెళ్లదలచినవారు ఆ రోజు అక్కడ సభ గానీ, పోటీలు గానీ ఉన్నాయేమో ముందుగా కనుక్కోవాలి, 1983లో ఎన్.టి.రామారావు, 2023లో రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేసిన ఈ మైదానంలో పెద్ద సభ జరిగితే చుట్టుపక్కల ట్రాఫిక్‌ను మళ్లిస్తారు. అసెంబ్లీ మెట్రో స్టేషన్‌లో దిగి నడవడం సులువు.

లోపల స్టాండ్ పైమెట్టు మీద కూర్చుంటే మైదానమంతా ఒక్కచూపులో కనబడుతుంది. 1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సేనలు ఇక్కడే విడిది చేశాయనీ, ఆ విజయంతోనే దీనికి ఫతే మైదాన్ అన్న పేరు వచ్చిందనీ చెబుతారు. నిజాంల కాలంలో ఇక్కడ పోలో ఆడేవారు. 1967లో శాస్త్రిగారి పేరు పెట్టారు.

1955 నాటి భారత్–న్యూజిలాండ్ టెస్టును క్రికెట్ ప్రియులు తలుచుకుంటారు గానీ, ఫుట్‌బాల్ అభిమానులు తెలుసుకోవలసింది, నా దృష్టిలో, ఆసియా దేశాల జట్లు ఆడిన 2008 ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ సంగతి. ఆగస్టు వానలకు మైదానం పాడవడంతో ఫైనల్‌ను ఢిల్లీకి తరలించవలసి వచ్చింది. కనుక ఇక్కడ టోర్నీ పెట్టదలచిన నిర్వాహకులు వీలైతే వానాకాలాన్ని తప్పించాలి. తప్పనప్పుడు, గోల్‌పోస్టుల ముందు, సెంటర్ సర్కిల్‌లో స్వయంగా నడిచి, మడమ కింద నేల దిగబడుతోందో లేదో చూసుకున్నాకే తేదీలు ప్రకటించాలి.