పోలీసు బొలెరో చేద్దాం – రెండో భాగం: ఫొటోలోంచి కొలతలు తీయడం

పోయిన భాగంలో రెండు విషయాలు తేల్చుకున్నాం. చేసేది బొలెరో మోడల్, స్కేలు 1/24, అంటే ప్రతి కొలతా అసలు బండిలో ఇరవైనాలుగో వంతు. ఇంటి పని కూడా ఒకటి ఇచ్చాను: "ఏదో ఒక పోలీసు బండి" అని కాకుండా మీరు చూసిన ఒక్క బండిని ఎంచుకుని, అది ఏ సంవత్సరం నాటి రూపమో కాగితం మీద రాసిపెట్టుకోమని. ఆ పని చెయ్యకపోతే ముందు అది చేసి రండి. ఇవాళ కొలతల్లోకి దిగుతున్నాం, ఆ కొలతలు సంవత్సరాన్ని బట్టి మారిపోతాయి.

మన బొలెరో సంగతే చూడండి. 2016లో పవర్ ప్లస్ అనే కొత్త రూపం వచ్చింది. నాలుగు మీటర్లలోపు బండికి పన్ను తక్కువ కాబట్టి పొడవు 3995 మిల్లీమీటర్లకు కుదించారు. అంతకుముందు బండి 4107. తేడా 112 మి.మీ. దాన్ని 24తో భాగిస్తే మోడల్ మీద 4.7 మి.మీ., అంటే దాదాపు అర సెంటీమీటరు. 2014 నాటి కావలి ఊరి పోలీసు బండి అని పేరు పెట్టి 3995 లెక్కన కోస్తే, బొలెరో నడిపినవాడు ఒక్క చూపులో పట్టేస్తాడు. వీల్‌బేస్, అంటే ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు ఉన్న దూరం, రెండింటికీ 2680. కుదింపు ఎక్కడ జరిగిందో దీన్నిబట్టే తెలుస్తుంది: చక్రాలకు అవతల, ముందూ వెనకా.

కొత్త బండికి నాలుగు అంకెలు రాసుకోండి. పొడవు 3995 కాబట్టి మోడల్‌కి 166.5. వెడల్పు 1745, మోడల్‌కి 72.7. ఎత్తు 1880, మోడల్‌కి 78.3. వీల్‌బేస్ 2680, మోడల్‌కి 111.7. ఈ నాలుగింటిలో నేను నమ్మేది వీల్‌బేస్‌ని. పొడవు అన్నప్పుడు బంపరు కొస నుంచా, స్టెప్నీ కవరు నుంచా అనే పేచీ ఎప్పుడూ ఉంటుంది. ఎత్తు టైర్లలో గాలిని బట్టి, లోపల కూర్చున్నవాళ్లను బట్టి మారుతుంది. చక్రాల మధ్య దూరంతో అలాంటి తంటా లేదు.

బ్రోషరు ఇచ్చేది ఇంతవరకే. తలుపు వెడల్పెంత, కిటికీ ఎంత కిందికి దిగింది, పైకప్పు మీద లైటు బద్దె, అంటే ఎరుపు నీలం లైట్ల పట్టీ, ఎక్కడ కూర్చుంది, ఇవేవీ అందులో ఉండవు. అవన్నీ ఫొటోలోంచే తియ్యాలి.

ఫొటో ఎలా తియ్యాలి

బండికి దగ్గరగా నిలబడి తీసిన ఫొటో కొలతకు పనికిరాదు. చూడటానికి ఎంత బాగున్నా సరే. కారణం లెక్కలోనే ఉంది. బొలెరో పైభాగం కింది భాగం కంటే కాస్త లోపలికి వాలి ఉంటుంది. ఆ వాలు 15 సెంటీమీటర్లు అనుకుందాం. మీరు 3 మీటర్ల దూరంలో నిలబడితే, 15 సెంటీమీటర్లు వెనక ఉన్న పైకప్పు అంచు ఫొటోలో దాదాపు 5 శాతం చిన్నగా పడుతుంది. అదే 12 మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి తీస్తే ఆ లోపం 1.2 శాతానికి పడిపోతుంది. 78 మి.మీ. ఎత్తు మోడల్ మీద ఇది ఒక మిల్లీమీటరు కూడా కాదు. కాబట్టి పన్నెండు పదమూడు పెద్ద అంగలు వెనక్కి వెళ్లండి, ఫోను తలుపు హ్యాండిల్ ఎత్తులో పట్టుకోండి, బండి మధ్యకు ఎదురుగా నిలబడండి.

ఎదురుగా నిలబడ్డారో లేదో చక్రమే చెబుతుంది. ఫొటోలో టైరు అడ్డం, నిలువు రెండూ కొలవండి. సమానంగా ఉంటే మీరు సూటిగా ఉన్నట్టు. కోడిగుడ్డులా నిలువుగా సాగితే పక్కకు జరిగారన్నమాట. అడ్డం నిలువులో 97 శాతమే వచ్చిందంటే దాదాపు 14 డిగ్రీలు వంకర. ఆ ఫొటో పక్కన పడేసి ఇంకోటి తీసుకోండి. సరిచేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయిగానీ, మొదటి మోడల్‌కి ఆ తలనొప్పి అనవసరం.

ఇక బండి దొరికేదెక్కడ? నెల్లూరులోగానీ ఒంగోలులోగానీ ఉంటే ఆగస్టు 15, జనవరి 26న పోలీసు పరేడ్ గ్రౌండ్‌కి వెళ్లండి. బండ్లు కడిగి, తుడిచి, వరసగా నిలబెట్టి ఉంటాయి, ఫొటోలు తీసేవాళ్లలో మీరొకరు, అంతే. హైవే మీద టంగుటూరు, వెంకటాచలం టోల్ ప్లాజాల దగ్గర పెట్రోలింగ్ బండి ఆగి ఉంటే డ్రైవరును అడిగి తీసుకోవచ్చు. స్టేషను దగ్గరైతే మాత్రం ముందు లోపలికి వెళ్లి, "సార్, బండి బొమ్మ చేస్తున్నానండీ, పక్క నుంచి ఒక ఫొటో తీసుకోవచ్చా?" అని రైటర్‌ని అడగండి. ఇంతకు ముందు చేసిన మోడల్ ఏదైనా ఉంటే చేతిలో పట్టుకెళ్లండి, సగం మాటలు అదే మాట్లాడుతుంది. రోడ్డు అవతల నుంచి చాటుగా తీస్తే సెంట్రీ కంట్లో పడతారు. అప్పుడు సంజాయిషీ చెప్పుకునే టెన్షన్ మీకే.

టైరు మీద రాసిన కొలబద్ద

మనం ఫొటోలో కొలిచేది పిక్సెళ్లలో, అంటే ఫొటోలోని చిన్న చిన్న చుక్కల్లో. దాన్ని మిల్లీమీటర్లలోకి మార్చాలంటే, ఫొటోలో అసలు కొలత తెలిసిన వస్తువు ఒకటి ఉండాలి. బండి పక్క నుంచి చూస్తే అలాంటివి రెండు: వీల్‌బేస్, టైరు.

టైరు పక్కన 215/75 ఆర్15 అని ఉంటుంది. 215 టైరు వెడల్పు, మి.మీ.లో. 75 అంటే ఆ వెడల్పులో 75 శాతం టైరు గోడ ఎత్తు, అంటే 161 మి.మీ. పైచిలుకు. 15 రిమ్ము, అంగుళాల్లో, అంటే 381 మి.మీ. గోడ పైనా ఉంది, కిందా ఉంది కాబట్టి రెండుసార్లు కలపాలి: 381, 161.25, 161.25, మొత్తం 703.5 మి.మీ. మోడల్‌కి 29.3. టైరు వెడల్పు మోడల్‌కి 9. మీరు ఎంచుకున్న బండికి వేరే సైజు టైరు వేసి ఉంటే ఆ అంకెలతో ఇదే లెక్క చెయ్యండి.

టైరును అడ్డంగానే కొలవండి. బండి బరువుకి కింద నేల తగిలే చోట టైరు నొక్కుకుపోతుంది కాబట్టి నిలువు కొలత ఎప్పుడూ కొంచెం తక్కువే వస్తుంది. పైన చెప్పిన కోడిగుడ్డు పరీక్షలో కూడా ఈ నొక్కుడు గుర్తుంచుకోండి. అనుమానం వస్తే టైరు వదిలి రిమ్ముని కొలవండి, అది నొక్కుకోదు.

ఇప్పుడు ఫొటోని కంప్యూటర్లో పెయింట్‌లో తెరవండి. మౌస్ ఎక్కడుంటే అక్కడి పిక్సెల్ అంకె కింద ఎడమ మూల కనిపిస్తుంది. ముందు చక్రం మధ్య దగ్గర ఒకసారి, వెనక చక్రం మధ్య దగ్గర ఒకసారి అంకె రాసుకుని తీసివేయండి. 2010 వచ్చిందనుకుందాం. మోడల్ వీల్‌బేస్ 111.7తో భాగిస్తే 18. అంటే ఈ ఫొటోలో 18 పిక్సెళ్లు మన మోడల్‌కి ఒక మిల్లీమీటరు. ఇక అసలు బండి కొలతతో పనే లేదు. ముందు తలుపు 660 పిక్సెళ్లు వస్తే 18తో భాగించి 36.7 మి.మీ. అని రాసుకోవడమే. టైరు అడ్డం కొలిస్తే 528కి అటూ ఇటూగా రావాలి. 500 దగ్గర వస్తే ఎక్కడో తప్పింది: ఫొటో వంకరైనా అయ్యుండాలి, టైరు సైజు వేరైనా అయ్యుండాలి.

కంప్యూటర్ లేనివాళ్లకు జిరాక్స్ షాపు ఉంది. ఫొటోని ఏ4 మీద అడ్డంగా ప్రింటు తీసి, వీల్‌బేస్‌ని స్టీలు స్కేలుతో కొలవండి. 134 మి.మీ. వచ్చిందంటే, 111.7ని 134తో భాగిస్తే 0.83. "83 శాతానికి తగ్గించి ఇవ్వండి" అని చెబితే మోడల్ సైజులో పక్క బొమ్మ చేతికొస్తుంది. తేడా అర మిల్లీమీటరు ఉంటుంది, మొదటి మోడల్‌కి ఫరవాలేదు.

లైటు బద్దె దగ్గర జాగ్రత్త

పోలీసు బండిని పోలీసు బండిగా చూపించేది పైనున్న ఎరుపు నీలం లైట్లు. ఎక్కువ మంది మోడల్ దెబ్బతినేది కూడా ఇక్కడే. ముందు నుంచి తీసిన ఫొటోలో నంబరు ప్లేటుని కొలబద్దగా పెట్టుకుని లైటు బద్దె పొడవు తీస్తారు. ప్లేటు కొలత తెలిసిందే, 500 బై 120 మి.మీ., మోడల్‌కి 20.8 బై 5. కానీ ప్లేటు బంపరు మీద ఉంది, లైటు బద్దె అంతకంటే బాగా వెనక, పైకప్పు మీద ఉంది. దూరంగా ఉన్నది చిన్నగా పడుతుంది కదా. కొలబద్ద, కొలిచే వస్తువు కెమెరాకి ఒకే దూరంలో లేకపోతే లెక్క చెడుతుంది.

విరుగుడు ఉంది. పక్క ఫొటోలో బంపరు నుంచి లైటు బద్దె ఎంత వెనక ఉందో ముందు తియ్యండి. 1.8 మీటర్లు వచ్చిందనుకుందాం. మీరు ప్లేటుకి 12 మీటర్ల దూరంలో నిలబడి ముందు ఫొటో తీసుంటే, లైటు బద్దె 13.8 మీటర్ల దూరంలో ఉన్నట్టు. 13.8ని 12తో భాగిస్తే 1.15. ప్లేటుతో తీసిన పొడవుని 1.15తో గుణించండి. ఈ సవరణ చెయ్యకపోతే లైటు బద్దె 13 శాతం పొట్టిదై, పెద్ద తలకు చిన్న టోపీ పెట్టినట్టుంటుంది. అందుకే ముందు ఫొటో తీసేటప్పుడు ఎంత దూరంలో నిలబడ్డారో రాసుకోవడం మర్చిపోకండి.

సంవత్సరం సంగతి ఇక్కడా ఉంది. 2017 మే 1 నుంచి మంత్రుల, అధికారుల కార్ల మీద ఎర్రబుగ్గలు పోయాయి. పోలీసు, అంబులెన్సు, ఫైరు బండ్ల లైట్లు ఉండిపోయాయి. కాబట్టి మీ షెల్ఫులో పోలీసు బొలెరో పక్కన కలెక్టరు కారు కూడా పెట్టాలనుకుంటే బుగ్గ పెట్టే ముందు తేదీ చూసుకోండి. నంబరు ప్లేటుకీ అంతే. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి అయింది. ఎడమ పక్కన 20 మి.మీ. హోలోగ్రాము, దాని కింద నీలం అక్షరాలు ఉంటాయి. మోడల్ మీద ఆ హోలోగ్రాము 0.8 మి.మీ., వెండి రంగు చుక్క పెడితే చాలు. ప్లేటు మీద అక్షరాల ఎత్తు 65 మి.మీ., మనకు 2.7. పాత ప్లేట్లలో నెల్లూరుకి ఏపీ 26, ప్రకాశానికి ఏపీ 27 ఉండేవి, 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వచ్చింది. కానీ పోలీసు శాఖ బండ్ల సిరీస్ పి అక్షరంతో మొదలవుతుంది. జిల్లా కోడు చూసి అల్లెయ్యకుండా మీ ఫొటోలో ఉన్నదే రాయండి, చివరి నాలుగంకెలు మాత్రం మార్చెయ్యండి.

గీత మందం

కొలతలన్నీ వచ్చాక గ్రాఫ్ పేపరు మీద పక్క బొమ్మ, ముందు బొమ్మ, వెనక బొమ్మ, పై బొమ్మ గియ్యాలి. 0.5 పెన్సిలు వాడతారేమో, ఆ గీత అసలు బండి మీద 12 మి.మీ. వెడల్పు పట్టీతో సమానం. తలుపు అంచు గీతకు లోపలా, బయటా, మధ్యలోనా అని ముందే ఒక నియమం పెట్టుకోండి. నేను గీత మధ్యనే కొలతగా తీసుకుంటాను. ఒక తలుపుకి లోపల, ఇంకో తలుపుకి బయట కోస్తే రెండూ కలిసే చోట అర మిల్లీమీటరు సందు పడుతుంది, అసలు బండి లెక్కలో అది వేలు దూరేంత సందు.

పక్క బొమ్మ పూర్తయ్యాక దాన్ని పాత శుభలేఖ అట్ట మీద అతికించి కత్తిరించండి. కిటికీలు కూడా కోసెయ్యండి. టైర్ల చోట 29.3 మి.మీ. వృత్తాలు పెట్టి, అట్టని కంటి ఎత్తులో నిలబెట్టి, ఫోన్లో అసలు ఫొటో పక్కన పెట్టి చూడండి. బానెట్ ఎత్తు, ముందు అద్దం వాలు, ఈ రెండే ఎక్కువగా తేడా కొడతాయి. వాలు చూపుకి తేలకపోతే కోణమానినితో రెంటినీ కొలవండి.

వచ్చే భాగంలో షీటు కోత. అప్పటికి 1 మి.మీ. మందం స్టైరీన్ (ప్లాస్టిక్) షీటు రెండు, కొత్త కట్టర్ బ్లేడ్లు సిద్ధంగా ఉంచుకోండి. ఊళ్లో షీటు దొరక్కపోతే ఆన్‌లైన్లో తెప్పించుకోండి. దగ్గర్లో ఉందని 3 మి.మీ. సన్‌బోర్డు (నురుగు ప్లాస్టిక్ పలక) కొనకండి, కిటికీ అంచుల దగ్గర అది అసలు బండి లెక్కలో 72 మి.మీ. మందంగా కనిపిస్తుంది.