నిర్వలసీకరణ పాఠాలు – 3: చట్టంలో రిజిస్టరును వెతకడం

నిర్వలసీకరణ అంటే వలస పాలన మిగిల్చిన ఆలోచనలను గుర్తించి వదిలించుకోవడం. గత రెండు పాఠాలలో ఒక పాత పత్రాన్ని ఎవరి కోసం రాశారో, అందులో ఎవరి గొంతు వినిపించదో గుర్తించడం సాధన చేశాము. ఈ పాఠంలో అదే చూపును చట్టం మీదకు మళ్లిస్తాము. క్వీర్ (లైంగికతలో, జెండరులో మెజారిటీకి భిన్నమైనవారి), ట్రాన్స్, స్త్రీవాద ఉద్యమాలలో ఉన్నవారికి చట్టాలతో నిత్యం పని పడుతుంది. కానీ చట్టాన్ని చదివేటప్పుడు అది దేనిని నిషేధించింది, ఎంత శిక్ష వేసింది అన్న రెండు విషయాల దగ్గరే ఎక్కువమందిమి ఆగిపోతాము. వలస పాలకులు చేసిన చట్టాలు ఆ రెండింటితోనే అర్థం కావు. అవి నిషేధించడంతో పాటు కొందరు మనుషులను ఒక వర్గంగా తయారుచేసి, ఆ వర్గాన్ని నమోదు చేసే, పరీక్షించే, కనిపెట్టి ఉండే యంత్రాంగాన్ని నిలబెట్టాయి. నిషేధం రద్దయినా ఆ యంత్రాంగం మిగిలిపోవచ్చు. దానిని గుర్తుపట్టడమే నేటి నైపుణ్యం.

ముందుగా అందరికీ తెలిసిన 377వ సెక్షనును తీసుకోండి. 1860లో ఆమోదం పొంది 1862 జనవరి 1న అమలులోకి వచ్చిన భారత శిక్షాస్మృతిలో ఈ సెక్షను ప్రకృతి క్రమానికి విరుద్ధమైనదని తాను భావించిన సంభోగాన్ని నేరం చేసింది. వాక్యాన్ని నిదానంగా చదివితే అది ఒక చర్య గురించి మాత్రమే మాట్లాడుతుందని, ఫలానా మనుషులని ఎవరినీ పేర్కొనదని తెలుస్తుంది. సమ్మతి గల వయోజనుల మధ్య సంబంధాల విషయంలో ఆ సెక్షను చెల్లదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ప్రకటించింది. దశాబ్దాల పోరాటం సాధించిన ఆ విజయాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ సెక్షను ఒక్కదానినే చదివినవారికి వలస పాలన చేసిన పని అంతా ఒక నేరాన్ని నిర్వచించడమే అనిపిస్తుంది. అందుకే దాని పక్కన 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని పెట్టుకుని చదవాలి.

ఆ చట్టం మొదటి భాగం కొన్ని తెగలను, ముఖ్యంగా సంచార సమూహాలను, పుట్టుకతోనే నేరస్థులుగా ప్రకటించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. రెండవ భాగం "నపుంసకులు" అని తాను పేరు పెట్టినవారి గురించినది. వాయవ్య పరగణాలు, అవధ్ (ఈ రెండూ దాదాపు నేటి ఉత్తరప్రదేశ్), పంజాబ్ ప్రాంతాలలో హిజ్రాలే దాని ప్రధాన లక్ష్యం. పిల్లలను ఎత్తుకుపోయారని గాని, వారి అంగాలను ఛేదించారని గాని, 377 కింద నేరం చేశారని గాని అనుమానం ఉన్నవారి పేర్లను, నివాసాలను, ఆస్తులను రిజిస్టరులో నమోదు చేయాలని అది ఆదేశించింది. నిరూపణ అక్కర లేదు, అనుమానం చాలు. అలా నమోదైన మనిషి స్త్రీ వేషంలో బహిరంగంగా కనిపించినా, జనం మధ్య ఆడినా, వాద్యం వాయించినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల వరకు జైలులో పెట్టవచ్చు. పదహారేళ్లలోపు బాలుడిని తమ వద్ద ఉంచుకోవడం నేరమైంది. వీలునామా రాయడానికి, ఎవరినైనా దత్తత తీసుకోవడానికి, మైనరుకు సంరక్షకులుగా ఉండడానికి ఆ మనిషికి హక్కు లేకుండా పోయింది. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలచివేసేవి ఈ చివరి నిబంధనలే. గురువు నుంచి శిష్యులకు ఆస్తి, వృత్తి, ఆశ్రయం అందుతూ వచ్చిన సమాజాన్ని ఒక తరంతో ఆగిపోయేలా చేయడానికే అవి రాసినట్టు ఉన్నాయి.

ఇక్కడి నుంచి మన పద్ధతి మొదలవుతుంది. ఏ చట్టాన్ని చదివినా శిక్ష ఉన్న సెక్షన్లను కాసేపు పక్కన పెట్టి, నామవాచకాల మీద, క్రియల మీద దృష్టి పెట్టండి. ఎవరికి ఒక వర్గం పేరు వచ్చింది? నమోదు చేసే అధికారి ఎవరు? ఎవరి శరీరాన్ని ఎవరు పరీక్షిస్తారు? నమోదు అయ్యాక ఆ మనిషి కోల్పోయే పౌర హక్కులేమిటి, జాబితా నుంచి పేరు తీయించుకోవాలంటే ఎవరిని అడగాలి? 1871 చట్టంలో ఈ ప్రశ్నలకు దొరికే జవాబులను రాసుకుని, ఆ తరువాత మూడేళ్ల ముందటి మరో చట్టాన్ని అదే పద్ధతిలో చదవండి. 1868 నాటి అంటురోగాల చట్టం వేశ్యలని ముద్రపడిన స్త్రీలను నమోదు చేసి, నిర్బంధ వైద్య పరీక్షకు లోబరిచింది. సైనికులను సుఖవ్యాధుల నుంచి కాపాడడం దాని ఉద్దేశమైనా, పరీక్ష మాత్రం స్త్రీలకే. బ్రిటన్‌లో అదే రకం చట్టాలకు వ్యతిరేకంగా జోసెఫీన్ బట్లర్ నాయకత్వాన స్త్రీలు ఏళ్ల తరబడి పోరాడగా, అక్కడ 1886లో, ఇక్కడ 1888లో అవి రద్దయ్యాయి. ఈ రెండు చట్టాల జవాబులు ఎంత దగ్గరగా ఉన్నాయో చూసినవారికి స్త్రీవాద చరిత్ర, ట్రాన్స్ చరిత్ర వేరువేరు అధ్యాయాలని ఇక అనిపించదు. 1871 చట్టం మొదటి భాగపు వారసత్వం మరింత దూరం సాగింది. 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా విస్తరించి, ఎరుకల కుటుంబాలను స్టువర్టుపురం సెటిల్మెంటులో, అంటే నిఘా కింది నివాసంలో, ఉంచింది. ఈ విముక్త జాతుల (ఆ చట్టపు ముద్ర తరువాత తొలగిన తెగల) వారి పోరాటం క్వీర్ ఉద్యమానికి పరాయిది కాకపోవడానికి కారణం జాలి కాదు, ఇద్దరినీ బంధించిన కాగితం ఒకటే కావడం.

ఆ కాగితం బ్రిటిష్ పాలన సరిహద్దు దగ్గర ఆగలేదు. నిజాం రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో, ఇదే నమూనాలో ఒక చట్టం వచ్చింది: రిజిస్టరు, స్త్రీ వేషానికి అరెస్టు, రెండేళ్ల జైలు. నిజాం రాజ్యం పోయింది, రాష్ట్రాల పేర్లు మారాయి, చట్టం మాత్రం పుస్తకంలోనే ఉండిపోయింది. ట్రాన్స్ ఉద్యమకారులు కోర్టుకు వెళ్లిన తరువాత, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది.

ఈ చదువులో ఒక ప్రమాదం ఉంది, దానిని నేను తేలికగా తీసుకోలేను. వలస పాలనకు ముందు ఇక్కడ అంతా స్వేచ్ఛేనని, ఆంగ్లేయులు వచ్చి పాడుచేశారని తేల్చేయడం సులభం. కానీ మనుస్మృతిలోనూ స్వలింగ సంబంధాలకు శిక్షలు, ప్రాయశ్చిత్తాలు ఉన్నాయి. ఆలయాలలోనో అంతఃపురాలలోనో కొందరికి దక్కిన స్థానం కులవ్యవస్థను ఏమీ కదిలించలేదు. వలస పాలన జెండరును ఎలా మలిచిందో వివరించిన అర్జెంటీనా స్త్రీవాద తత్వవేత్త మరియా లుగోనెస్ వాదన మీద కూడా, వలస పాలనకు ముందున్న పితృస్వామ్యాన్ని తక్కువగా అంచనా వేసిందన్న విమర్శ లాటిన్ అమెరికాలోనే వచ్చింది. కులాన్ని ప్రశ్నించకుండా వలస పాలనను మాత్రమే ప్రశ్నించే వాదం దళిత స్త్రీలకు, దళిత ట్రాన్స్ వ్యక్తులకు ఏమీ ఇవ్వదు. కనుక పై ప్రశ్నల సరసన మరొకటి చేర్చుకోండి: ఈ చట్టం ఎవరి పాత పెత్తనాన్ని ఆసరా చేసుకుంది?

అభ్యాసం: 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్ వ్యక్తుల గుర్తింపు గురించిన నాల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో సుప్రీంకోర్టు, జెండరు గుర్తింపు కోసం శస్త్రచికిత్సను షరతుగా పెట్టడం చట్టవిరుద్ధమని చెప్పింది. 2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం, ఆమోదం పొందిన రూపంలో, గుర్తింపు పత్రం కోసం జిల్లా మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేయమంది. స్త్రీగానో పురుషుడిగానో సవరించిన పత్రం కావాలంటే శస్త్రచికిత్స జరిగినట్టు వైద్యాధికారి ధ్రువపత్రం అడిగింది. 1871 చట్టం శిక్షించడానికి నమోదు చేసింది, 2019 చట్టం హక్కులు ఇస్తానని నమోదు చేసింది. ఈ తేడాను చెరిపేయకండి. ఆ తరువాత ఈ రెండు చట్టాలలోనూ మేజిస్ట్రేటు, వైద్యుడు వచ్చే ప్రతి వాక్యం కింద గీత గీసి, అక్కడ నిర్ణయం ఎవరి చేతిలో ఉందో పక్కన రాయండి. నాల్గవ పాఠానికి ఈ కాగితం మీ ముందు ఉండాలి. అందులో ఇవే ప్రశ్నలతో సమ్మతి వయస్సును పదేళ్ల నుంచి పన్నెండుకు పెంచిన 1891 చట్టాన్ని చదువుతాము.