మల్లెకు మార్గశిరంలో ముహూర్తం: ఏడాది పొడవునా పెరటి పూలు

మల్లె వేసవి పువ్వే అయినా దానికి చేయవలసిన చాకిరీ చలికాలంలో ఉంటుంది. చామంతి చలికాలంలో పూస్తుంది, కానీ దాని పని తొలకరితో మొదలవుతుంది. పెరడైనా, డాబా మీది కుండీలైనా, పూలు కోసుకోవాలనుకున్న రుతువుకు కనీసం ఒక రుతువు ముందే మనం పనిలోకి దిగాలి. ఈ సంగతి తెలియకనే చాలామంది ఏప్రిల్‌లో నిండుగా మొగ్గ తొడిగిన మొక్కను చూసి మురిసిపోయి కొని తెచ్చుకుని, ఉన్న మొగ్గలు విచ్చి రాలిపోయాక ఆకులు చూస్తూ కూర్చుంటారు. ఇక్కడ చెప్పే నెలలు ఆంధ్ర, తెలంగాణ మైదాన ప్రాంతాలకు సరిపోయేవి; అరకు వంటి చల్లని చోట్ల కొంత అటూ ఇటూ అవుతాయి.

మల్లె పూత కొత్త చిగుళ్ల మీదే వస్తుంది. కత్తిరించకుండా వదిలేసిన మొక్క తీగలా సాగిపోయి, అక్కడో మొగ్గ ఇక్కడో మొగ్గతో సరిపెడుతుంది. అందుకని నవంబరు మధ్య నుంచి నీళ్లు తగ్గించాలి. నేలలో నాటిన మొక్కకు పూర్తిగా ఆపినా ఫరవాలేదు. కుండీలోని మొక్కకు మాత్రం వేర్లు ఎండిపోకుండా నాలుగైదు రోజులకొకసారి చెంబెడు నీళ్లు పోస్తే చాలు. రెండు మూడు వారాల్లో ఆకులు పండుబారి రాలడం మొదలవుతుంది. ఇక్కడే గాభరాపడి మళ్లీ నీళ్లు గుమ్మరించేవారు ఎక్కువ, కానీ మొక్కకు ఆ విశ్రాంతి అవసరం. డిసెంబరులో, అంటే ఇంచుమించు మార్గశిర మాసంలో, పదునైన కత్తెరతో మొక్కను మొదలు నుంచి అడుగున్నర ఎత్తుకు కత్తిరించి, ఎండుపుల్లలను, సన్నని బలహీనపు రెమ్మలను, లోపలికి పెరిగి ఒకదానికొకటి రాసుకునే కొమ్మలను తీసివేసి, మిగిలిన ఆకులను కూడా దూసేయాలి. మొక్క మోడుగా కనబడినప్పుడు ఇంట్లో పెద్దవారు నాలుగు మాటలు అనవచ్చు. ఫిబ్రవరి దాకా ఓర్చుకోమని చెప్పాలి.

కత్తిరించిన వారం రోజులకు పాదులోని మట్టిని వేర్లు తెగకుండా రెండంగుళాల లోతున గుల్ల చేసి, బాగా చివికిన పశువుల ఎరువు రెండు మూడు దోసిళ్లు, వేపపిండి ఒక గుప్పెడు కలిపి, అప్పటి నుంచి మళ్లీ మామూలుగా నీళ్లు పెట్టాలి. పచ్చి పేడ వేయకూడదు, అది వేర్లను కాలుస్తుంది. యూరియా వేస్తే ఆకు ఏపుగా వస్తుంది కానీ మొగ్గ వెనకబడుతుంది, కనుక కుండీ మల్లెకు దాని జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం. రోజుకు కనీసం ఐదారు గంటలు నేరుగా ఎండ తగలని చోట పెట్టిన మల్లెకు ఎంత ఎరువు వేసినా వృథాయే. నీడ ఎక్కువగా ఉన్న ఇళ్లవారు మల్లె కోసం పట్టుబట్టకుండా కనకాంబరం పెంచుకోవచ్చు, అది పాక్షికమైన నీడలోనూ చక్కగా పూస్తుంది.

చిగుళ్లు వచ్చాక రెండు విషయాలు గమనిస్తూ ఉండాలి. లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే అది ఇనుపధాతు లోపం. సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో, అటువంటి బోరునీళ్లు పోసే ఇళ్లలో ఇది తరచుగా కనబడుతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, సాయంత్రం పూట ఆకులన్నీ తడిసేలా వారానికొకసారి రెండు మూడు వారాలు పిచికారి చేస్తే కొత్త ఆకులు పచ్చగా వస్తాయి. రెండవది మొగ్గ తొలిచే పురుగు. మొగ్గ మీద చిన్న రంధ్రం పడి, తెల్లగా ఉండవలసిన రేకులు ఊదారంగుకు తిరిగితే లోపల పురుగు ఉన్నట్టే. అలాంటి మొగ్గలను కోసి కుండీ పక్కనే పడేయకుండా కాల్చివేయాలి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలవడానికి కాస్త సబ్బునీరు చేర్చి చల్లడం కూడా కొంతవరకు పనిచేస్తుంది, అయితే మొగ్గ లోపలికి వెళ్లిపోయిన పురుగును అది ఏమీ చేయలేదు.

మార్చి నుంచి పూత విడతలు విడతలుగా వస్తుంది. ఒక విడత అయిపోగానే కొసలను రెండు కణుపుల మేర తుంచివేస్తే కొత్త రెమ్మలు వచ్చి మరో విడత పూస్తుంది. జూన్ దాకా పూలు చూడాలంటే ఇది మానకూడదు. మొగ్గలను కోయడానికి సాయంత్రం నాలుగు గంటల వేళ మంచిది. తెల్లగా తిరిగి, లావెక్కి, ఇంకా విచ్చని మొగ్గను కాడతో సహా గిల్లి, అరటినారతో మాల కట్టి, తడిగుడ్డలో చుట్టి ఉంచితే దీపాలు పెట్టే వేళకు విచ్చుకోవడం మొదలుపెట్టి రాత్రంతా వాసన ఇస్తుంది. మాలకు పోను నాలుగు మిగిలితే మంచినీళ్ల కుండలో వేయడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే, కాకపోతే పురుగుమందు చల్లిన చెట్టు పూలను అలా వాడకూడదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో డాబా మీది మొక్కకు అసలు బాధ కింద కాలిన స్లాబు నుంచి వస్తుంది. కుండీలను ఇటుకల మీద ఎత్తిపెట్టి, దగ్గర దగ్గరగా చేర్చి, మట్టి మీద ఎండుటాకులు మందంగా పరిస్తే వేర్లు చల్లగా ఉంటాయి. నీళ్లు పొద్దున్నే పోయాలి, మట్టి త్వరగా ఆరిపోతుంటే సాయంత్రం మరోసారి పోయాలి. మధ్యాహ్నం గొట్టంలో వేడెక్కిన నీళ్లు నేరుగా మొక్కలకు పట్టకూడదు.

మృగశిర కార్తె ప్రవేశించి వానలు పడ్డాక అంట్లు తొక్కవచ్చు. మల్లె కొమ్మను కిందికి వంచి, కణుపు దగ్గర బెరడును కొంచెం గీరి, పక్కనే పెట్టిన చిన్న కుండీలోని మట్టిలో పూడ్చి, లేవకుండా పైన చిన్న రాయి పెడితే రెండు మూడు నెలల్లో వేర్లు దిగుతాయి; అప్పుడు తల్లి మొక్క నుంచి వేరు చేయాలి.

చామంతి పిలకలను నాటుకోవడానికి కూడా జూన్, జూలై నెలలే అనువైనవి. నీరు నిలిస్తే వేరుకుళ్లు వస్తుంది కనుక మట్టిలో మూడో వంతు ఇసుక ఉండాలి. నాటిన నెలకు తల తుంచితే పక్కకొమ్మలు గుబురుగా వస్తాయి. పగటి పొద్దు తగ్గి రాత్రి పెరిగినప్పుడు మాత్రమే చామంతి మొగ్గ వేస్తుంది. వీధి దీపం వెలుగు రాత్రంతా పడేచోట కుండీ ఉంటే మొక్క పచ్చగా ఎదుగుతూనే ఉంటుంది కానీ పూత ఆలస్యమవుతుంది. తెగులు ఏమీ కనబడకుండా చామంతి పూయడం లేదంటే మొదట చూడవలసింది ఈ దీపాన్నే. పూత అయిపోయాక కొమ్మలను మొదలు దాకా కోసి, మొదట్లో వచ్చే పిలకలను వేసవి అంతా సగం నీడలో, తడి ఆరకుండా కాపాడుకుంటే మరుసటి ఏడు కొనే పని ఉండదు.

పారిజాతానికి పెద్దగా సేవ అక్కర్లేదు. నేలలో చోటు, ఎండ ఉంటే వానాకాలం చివర నుంచి తెల్లవారేసరికి చెట్టు కింద రాల్చిపెడుతుంది. బంతికి మాత్రం పండుగ చూసుకుని విత్తాలి. విత్తనం నుంచి పువ్వుకు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి బతుకమ్మకు, దసరాకు కావాలంటే జూలైలో, సంక్రాంతి గొబ్బెమ్మలకు కావాలంటే అక్టోబరు చివర్లో నారు పోసుకోవాలి. నారు నాలుగైదు ఆకులు వేశాక అడుగు ఎడంగా నాటాలి. నాటు బంతి అయితే చెట్టు మీదే పూర్తిగా ఎండిన పూలను కోసి, నీడన ఆరబెట్టి, పలచని గుడ్డలో మూటకట్టి విత్తనానికి దాచుకోవచ్చు. హైబ్రిడ్ బంతి విత్తనం దాస్తే వచ్చే ఏడు అదే పువ్వు వస్తుందన్న భరోసా లేదు, దానికి ఏటా కొత్త పొట్లం కొనక తప్పదు.